కుడి పక్క ఇంకా చూడలేదు

వసతి గృహం, మూడో అంతస్తు
జూలై

పిన్నీ,

చేరాను. గది చిన్నది, కిటికీ పెద్దది. కిటికీ అవతల నీళ్ళ ట్యాంకు, దాని మీద ఎప్పుడూ మూడు పావురాలు. నాలుగోది వచ్చి వాలితే ఒకటి లేచిపోతుంది. ఎందుకో తెలుసుకుందామని పొద్దున్నుంచి చూస్తున్నాను, అంతు చిక్కలేదు. నాతో ఉండే అమ్మాయి చేపల మీద చదువుతోంది. నిద్రలో నోరు తెరిచి మూస్తూ ఉంటుంది. చదువు ఒంటబట్టడమంటే ఇదేనేమో.

బయలుదేరేటప్పుడు అమ్మ నిన్ను అడిగింది కదా, "ఇంతకీ ఇది జంతువుల డాక్టరవుతుందా, జూలో పని చేస్తుందా?" అని. రెండూ కాదన్నాను గానీ, మరేమిటో నాకూ సరిగ్గా తెలియదు. మొదటి క్లాసులో కొంచెం తెలిసింది. మా మేడమ్ నెరిసిన జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని వచ్చారు. "మీరంతా అడవి జంతువుల్ని చూద్దామని వచ్చారు. ఎక్కువ రోజులు మీరు చూసేది అవి వెళ్ళిపోయిన చోటునే" అన్నారు. ఆ మాట అక్కడే రాసుకున్నాను. వెనక బెంచీలో ఎవరో "దానికి చదువెందుకండీ, మా ఇంట్లో ఎలకలూ అంతే" అన్నారు.

డిగ్రీలో మూడేళ్ళు జంతుశాస్త్రం చదివాం కదా, ఇక అడవి చూపిస్తారనుకుంటే లెక్కలు నెత్తిన పెట్టారు. సగం చదువు లెక్కలే! బడిలో లెక్కల పరీక్షంటే జ్వరం తెచ్చుకునేదాన్ని, నువ్వు అమ్మకు అబద్ధం చెప్పి కాపాడేదానివి. ఇప్పుడెవరు చెబుతారు? శనివారాలు దెబ్బలు తగిలిన జంతువుల్ని ఉంచే చోట బోనులు కడుగుతున్నాను. ఎవరూ కడగమనలేదు, నేనే అడిగి చేరాను.

మా నోటు పుస్తకాల్లో పెన్సిలుతోనే రాయాలి, వానలో సిరా కారిపోతుందని. రబ్బరు మాత్రం ముట్టుకోకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయాలి. తప్పు కనబడుతూనే ఉండాలట. ఆవిడకు పెన్సిలు మేడమ్ అని పేరు పెట్టేశాం.

నీ
ఉడుత

*

కుట్టు కొట్టు
ఆగస్టు

ఉడుతా,

నీ ఉత్తరం కత్తెర కింద పెట్టుకుని మూడు రోజులు చదివాను. బడి యూనిఫారాలు ఇంకా తెమలలేదు, కొట్టు నిండా నీలం గుడ్డే. కళ్ళు మూసుకున్నా నీలమే కనిపిస్తోంది. మధ్యాహ్నం మిషను మీద తల వాల్చి ఒక కునుకు తీస్తే, నీలం నీళ్ళలో నువ్వు ఈదుకుంటూ పోతున్నట్టు కల. పిలిస్తే వెనక్కి తిరగలేదు, ఎప్పుడు తిరిగావు గనుక!

నిన్న ఒకావిడ గళ్ళ చొక్కా ఆలస్యమైందని నా మీద కస్సుమంది. జేబు గళ్ళు చొక్కా గళ్ళతో కలవలేదు, విప్పి మళ్ళీ కుట్టాను, అదీ ఆలస్యం. "జేబు ఎవరు చూడొచ్చారండీ" అంది. ఎవరూ చూడరు. నేను చూస్తాను కదా. ఈ మాట అంటే ఇంకా కోపం వస్తుందని నవ్వి ఊరుకున్నాను.

నువ్వు చదివేదేమిటో నీకే తెలియదంటున్నావు. నాకు నీ ఆరో ఏటే తెలిసింది. ఒక చీమ నా ఎర్ర దారప్పోగు లాక్కుపోతుంటే, దాని వెనకే బోర్లా పాకుతూ వీధి చివరిదాకా పోయావు. గౌను ముందంతా మట్టి. అక్క డ్యూటీ నుంచి వచ్చి నిన్ను వదిలేసి నన్ను తిట్టింది. నువ్వు మాత్రం "చీమ ఇంటికి చేరింది పిన్నీ" అన్నావు, ఏదో నువ్వే చేర్చినట్టు. ఇది మన చేతికి చిక్కే పిల్ల కాదని అప్పుడే అనుకున్నాను.

మీ అమ్మకు ఉత్తరం రాసే ఓపిక లేదు. ఆసుపత్రి నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని నీ ఉత్తరం నాతో చదివించుకుంటుంది. "నర్సింగులో చేరి ఉంటే ఈపాటికి..." అని మొదలుపెడుతుంది, వాక్యం పూర్తి కాకుండానే గురక పెడుతుంది.

నీ
పిన్ని

*

అడవి మకాం, ఏటి ఒడ్డు
నవంబరు

పిన్నీ,

వసతి గృహం నుంచి రాసిన మొదటి ఉత్తరానికి మూడేళ్ళు దాటిపోయాయి. పీజీ అయింది. ఏడాదిపాటు వేరే వాళ్ళ పరిశోధనలో సంచులు మోశాను, పేడ పోగు చేశాను, జలగలకు నెత్తురు దానం చేశాను. ఇప్పటికి పీహెచ్‌డీకి నాదంటూ ఒక పరిశోధన దొరికింది. పెన్సిలు మేడమే ఇప్పించారు.

ఇక్కడ ఫోన్లు పనిచేయవు. వారానికోసారి జీపు వస్తుంది, ఉత్తరాలు దాంట్లోనే. రేకుల గది, రెండు మంచాలు, ఒక బల్ల. కిటికీకి ఆరడుగుల దూరంలో ఏరు. పొద్దున్నే మంచు ఏటి మీద నుంచి లేచి తిన్నగా గదిలోకి వస్తుంది, మంచం మీద కూర్చుంటుంది, బల్ల మీది కాగితాలు తడిపి వెళ్ళిపోతుంది. లేచినట్టు కలగంటున్నానో, కలలోంచి లేచానో చాలాసేపు తేలదు.

నేను లెక్కపెడుతున్నది మచ్చల అడవి పిల్లుల్ని. మన వీధి పిల్లికి రెండింతలుంటాయి. మనకు వేలిముద్ర ఎలాగో వాటికి మచ్చలు అలాగ, ఒకదానివి ఇంకొకదానికి రావు. ఒకే పిల్లికి కూడా ఎడమ పక్కవి వేరు, కుడి పక్కవి వేరు. అందుకని దారికి అటొకటి ఇటొకటి కెమెరాలు చెట్లకు కడతాం. ముందు నుంచి ఏది నడిచినా వాటంతటవే ఫోటో తీస్తాయి.

నాలుగు నెలలైంది. ఒక్క పిల్లినీ కళ్ళారా చూడలేదు. నేను నిన్న నడిచిన బాటలో, నా అడుగు మీదే అడుగు వేసుకుంటూ ఒకటి వెళ్ళింది, ఫోటోలో చూశాను. నా చెప్పు గుర్తును వాసన చూస్తోంది. పిన్నీ, అది నన్ను లెక్కపెడుతోందేమో అనిపించింది.

ఉడుత

*

కుట్టు కొట్టు
డిసెంబరు

ఉడుతా,

కళ్ళకు కనబడని పిల్లి కోసం నాలుగు నెలలు కూర్చున్నావని మీ అమ్మకు చెప్పాను. "దాని పెళ్ళి చూపులకు మాత్రం పది నిమిషాలు కూర్చోలేకపోయింది" అంది. నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు, తర్వాత ఇద్దరం నవ్వాం.

ఒంటరిగా భయం వేయదా? వేస్తే రాయి. నేను ఇక్కడ మిషను తొక్కుతూనే ఉంటాను కదా, ఆ చప్పుడు అనుకో.

పిన్ని

*

అడవి మకాం
మార్చి

పిన్నీ పిన్నీ పిన్నీ,

పదకొండు!

మా లెక్క తేలింది. ఈ అడవిలో మచ్చల పిల్లులు పదకొండు. ఇదెందుకంత గొప్పో చెబుతాను. అటవీ శాఖ పై ఆఫీసు వాళ్ళు ముందే ఒక మాట అన్నారు: పది దాటితే ఈ మకాం శాశ్వతంగా ఉంచుతారు, ఇక్కడే ఒక జీవశాస్త్రవేత్తను వేస్తారు. పది లేకపోతే ఇంత చిన్న అడవికి వేరే మనిషి దండగట. ఆ మనిషి నేనేనని ఇంచుమించు తేలిపోయింది! జూన్‌లో మీటింగు, అక్కడ కాగితం చేతికిస్తారు. చీమ వెనక పాకిన దానికి ఉద్యోగం పిన్నీ!

ఇప్పుడు నీ సాయం కావాలి. అడవి అంచున ఉన్న బడి పిల్లలకు ఈ పిల్లుల్ని చూపించాలి. ఫోటోలు చూపిస్తే రెండు నిమిషాల్లో విసుగెత్తిపోతారు. పదకొండు గుడ్డ బొమ్మలు కుట్టిపెట్టు, ఏ పిల్లి మచ్చలు ఆ పిల్లికే, తు చ తప్పకుండా. మీటింగులో కూడా వరసగా బల్ల మీద పెడతాను. ఫోటోలు పెద్దవి చేయించి పంపుతున్నాను. అయిదింటికి రెండు పక్కలా ఉన్నాయి. వానల్లో ఏరు పొంగి సగం కెమెరాలు కొట్టుకుపోయాయి, దాంతో మూడింటికి ఎడమ పక్కే దొరికింది, ఇంకో మూడింటికి కుడి పక్కే. ఎడమ దొరికినవి ఏటికి ఇవతల, కుడి దొరికినవి అవతల. పిల్లులు అంత ఏరు దాటవు కాబట్టి అవి వేరు, ఇవి వేరు. దొరకని పక్క నువ్వే ఊహించి ఏవో మచ్చలు వేసేయ్, పిల్లలకు తెలియదులే.

ఉద్యోగస్తురాలు కాబోతున్న
ఉడుత

*

కుట్టు కొట్టు
ఏప్రిల్

ఉడుతా,

వీధంతా టముకు వేశాను. ఇస్త్రీ ఆయన అడిగాడు, పిల్లుల్ని లెక్కపెడితే ఉద్యోగమిస్తారా, మా మేడ మీద ఆరున్నాయి అని. మీ అమ్మ ఆసుపత్రిలో అందరికీ చెప్పిందట. నాకు చెప్పకుండా చెప్పింది చూడు!

ఎనిమిది బొమ్మలు అయ్యాయి. పార్సెల్ చేస్తున్నాను. వెన్ను మీద కుట్టు దగ్గర చూడు, సగం మచ్చ ఇటు, సగం మచ్చ అటు, ఎక్కడా తేడా రాలేదు. మిగతా మూడింటికి ఆ రంగు గుడ్డ అయిపోయింది. వచ్చాక చూద్దాం.

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. నీళ్ళు తాగుతున్నావా?

పిన్ని

*

అడవి మకాం
మే

పిన్నీ,

మేడమ్ ఇప్పుడు మకాంలోనే ఉన్నారు, బొమ్మలు చూపించాను. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, నిజం పిల్లిని ఎత్తుకున్నట్టే ఎత్తుకున్నారు. పార్సెల్ జీపు దిగేసరికి చీకటి పడబోతోంది, దీపం వెలిగించకుండా కిటికీ అంచున వరసగా పెట్టాను. ఏటి మీది గాలికి కదిలాయి. ఎన్నడూ నాకు కనబడని వాళ్ళంతా చుట్టపు చూపుకు వచ్చినట్టుంది.

మిగతా మూడూ ఎక్కడ? మీటింగు జూన్ పన్నెండున. గుడ్డ దొరక్కపోతే ఏ రంగైనా సరే. రెండు జీపులు వచ్చి వెళ్ళాయి, నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. ఒంట్లో బాగానే ఉందా? నువ్విలా నాన్చే మనిషివి కాదే!

ఉడుత

*

కుట్టు కొట్టు
మే

ఉడుతా,

గుడ్డ అయిపోలేదు. అరలో ఇంకా ఒక తాను ఉంది. నా నోట్లో నువ్వుగింజ నానదని అక్క అంటుంది కదా, ఈసారి నెలన్నర నానింది. ఇక నావల్ల కాదు.

ముందు రెండు పక్కలూ ఉన్న అయిదు బొమ్మలు కుట్టాను. తర్వాత ఒంటి పక్కవి ఆరు ముక్కలు, ఫోటో చూసి మచ్చలన్నీ కుట్టి, ఉతికి, కత్తిరింపు బల్ల మీద ఆరబెట్టి కునుకు తీశాను. ఫ్యాను తిరుగుతోంది. మెలకువ వచ్చి, ఇంకా కల వదలని కళ్ళతో చూస్తే, ఒక ఎడమ ముక్కా ఒక కుడి ముక్కా గాలికి జరిగి పక్కపక్కన ఉన్నాయి. వెన్ను దగ్గర మచ్చలు కలిశాయి. పొడుగుది, పొట్టిది, పొట్టిది, కొంచెం ఖాళీ, మళ్ళీ పొడుగుది. ఇటు సగం తెగినది అటు సగంగా ఉంది.

లేచి మొహం కడుక్కొచ్చాను. మిగతా నాలుగూ మార్చి మార్చి పెట్టి చూశాను. అవీ కలిశాయి. ఆరు ముక్కలు మూడు పిల్లులే తల్లీ. నీకు పంపిన ఎనిమిది ఎనిమిదే. ఇంక లేవు.

ముప్పయ్యేళ్ళుగా గళ్ళు కలుపుతున్నాను. రెండు వేర్వేరు తానుల్లో డిజైను అలా కలవడం ఒక్కసారీ చూడలేదు. అయినా నేనెవరిని? నువ్వు ఇన్నేళ్ళు చదివావు, నేను ఏడో తరగతి. నాకు తప్పు కనబడటమేమిటని నన్ను నేనే కసురుకున్నాను. అసలు నిజం అది కూడా కాదు. నీ ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నీ పార్సెల్ పంపేశాక కూర్చుని, నువ్వు చెప్పినట్టే ఇంకో మూడు బొమ్మలు రెండు పక్కలా ఊహించి కుట్టేశాను కూడా. పంపేస్తే ఎవడు చూడొచ్చాడు? అవి అరలో ఉన్నాయి. చూసినప్పుడల్లా అవి పిల్లుల్లా లేవు, నా చేతి పనిలా ఉన్నాయి.

మీటింగు ముందే నీకు తెలియాలి. ఏం చేస్తావో నీ ఇష్టం. ఆ మూడూ పంపమన్నా పంపుతాను.

పిన్ని

*

అడవి మకాం
మే

పిన్నీ,

ఎంత సులువుగా చెప్పేశావు! గుడ్డ ముక్కలు కలిశాయని నా అయిదేళ్ళ చదువు తప్పంటావా? ఇక్కడ ఏరు తాటి చెట్టు పొడుగంత వెడల్పు. నువ్వు చూడలేదు, నేను చూశాను. చెప్పేదేదో నెలన్నర క్రితమే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు నివేదిక టైపు కూడా అయిపోయింది.

ఆ మూడు బొమ్మలూ పంపు.

*

అడవి మకాం
జూన్ మొదటి వారం

పిన్నీ,

పోయిన జీపులో పంపిన ఉత్తరం చింపేయ్. లేదు, చింపకు. దాచిపెట్టు, నేనెలాంటిదాన్నో నాకు గుర్తుండాలి.

జీపు వెళ్ళిపోయాక చాలాసేపు ఏటి ఒడ్డున కూర్చున్నాను. తర్వాత ఫోటోలన్నీ తీశాను. పక్కలు చూడలేదు, నువ్వు చెప్పినట్టు వెన్ను ఒక్కటే చూశాను. ఏ ఫోటోలోనైనా వీపు అంచు కొంచెం కనబడుతుంది. ఒక పిల్లికి పదహారు చోట్ల కలిసింది. పొడుగు, పొట్టి, పొట్టి, ఖాళీ, పొడుగు. నేను గట్టిగా చదువుతుంటే ఎక్కడో చిన్నప్పుడు విన్నట్టుంది, నువ్వు కుట్లు లెక్కపెట్టుకుంటావు చూడు, అలాగ. ఒకటి మంగళవారం ఇవతల ఉంది, గురువారం అవతల ఉంది. అవి ఏరు దాటుతున్నాయి పిన్నీ! నేనిక్కడ పక్క మీద పడుకుని నీళ్ళ చప్పుడు వింటున్నప్పుడు, ఆ చప్పుడులో పిల్లులు ఈదుకుంటూ వెళ్ళాయి.

ఒంటి ఎడమవీ ఒంటి కుడివీ వేర్వేరు పిల్లులని కూడి లెక్కవేయకూడదని మాకు మొదటి ఏడాదే చెప్పారు. నాకు తెలియక కాదు. ఎనిమిది దగ్గర ఆగితే ఉద్యోగం లేదు, పదకొండు అయితే ఉంది. ఏరు దాటవన్నది నేను కనుక్కున్న సంగతి కాదు, నాకు కావలసిన సంగతి. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మేడమ్‌కు చెప్పాను. చాలాసేపు ఫోటోలు చూశారు. "నేనూ సంతకం పెట్టాను, నేనూ చూడలేదు" అన్నారు. జుట్టులోంచి పెన్సిలు తీసి నా చేతికిచ్చారు. "గీత కొట్టు. పక్కన రాయి." పదకొండు మీద గీత కొట్టాను. వంకరగా వచ్చింది. పక్కన ఎనిమిది రాశాను.

మీటింగుకు బొమ్మలు తీసుకెళ్తాను. ఎనిమిదీ.

ఉడుత

*

కుట్టు కొట్టు
జూలై

ఉడుతా,

మీటింగు సంగతి నీ ఉత్తరంలో మూడే ముక్కలు రాశావు: ఉద్యోగం లేదు, పీహెచ్‌డీ ఏడాది వెనక్కి, మకాం ఇంకొక్క ఏడాదే. నాకు ఏడుపొచ్చింది. నా చేత్తో నీ అన్నం తీసేసినట్టుంది. రోజంతా మిషను ముట్టుకోలేదు.

మీ అమ్మకు చదివి వినిపించడానికి ధైర్యం చాలలేదు, ఉత్తరం చేతికిచ్చాను. నిలబడే చదువుకుంది. చదివి, "తప్పు మందు వేశామని తెలిస్తే ఆ నిమిషమే చెప్పాలి. చెప్పకుండా ఇంటికెళ్ళి పడుకున్నవాళ్ళను చూశాను" అంది. ఉత్తరం మడిచి నాకిచ్చి, "దాని పనేమిటో ఇప్పుడు తెలిసింది నాకు" అంది. ఆ పూట నర్సింగు మాట ఎత్తలేదు. నాకంటే ముందు తనే దీపం ఆర్పి పడుకుంది గానీ గురక వినబడలేదు.

ఇంటికి వచ్చేస్తావా? రమ్మని అనడం లేదు. ఊరికే అడుగుతున్నాను.

పిన్ని

*

అడవి మకాం
అక్టోబరు

పిన్నీ,

రాను. మళ్ళీ మొదటి మెట్టు మీదే ఉన్నాను, కెమెరా అద్దాలు తుడుస్తున్నాను, సంచులు మోస్తున్నాను. మేడమ్ ఈ ఏడాదికి సహాయకురాలిగా పెట్టుకున్నారు. కెమెరాలన్నీ ఇప్పుడు జంటగానే కట్టాను, ఏటికి అటూ ఇటూ కూడా.

నిన్న తెల్లవారేటప్పుడు నీళ్ళు తెచ్చుకుందామని వెళ్ళాను. మంచు. ఏరు కనబడలేదు, చప్పుడే వినబడింది. ఆ మంచులోంచి ఒక తల తేలుతూ వచ్చింది, చిన్నది, చెవులు వెనక్కి పెట్టుకుని. తిన్నగా నా వైపే. పది అడుగుల్లో గట్టెక్కింది. ఒళ్ళు దులుపుకుంది, ఆ నీళ్ళు నా మొహాన పడ్డాయి. నా వంక చూసి, ఏమంత పట్టనట్టు, రాళ్ళ పక్కనుంచి నడుచుకుంటూ పొదల్లోకి పోయింది. బిందె ఏట్లో కొట్టుకుపోయింది. ఈ చదువులో చేరిన నాలుగేళ్ళలో మొదటిసారి కళ్ళతో చూశాను పిన్నీ. ఇది కల కాదనడానికి తడిసిన మొహం ఒక్కటే సాక్ష్యం, దాన్ని కూడా కాసేపటికి ఏడ్చి పాడు చేసుకున్నాను.

ఎడమ పక్క కనిపించింది. గట్టు మీది జంటలో ఒక కెమెరాలో కూడా పడింది, రెండోదాని అద్దం మంచుకు మసకబారింది. మన ఎనిమిదింటి ఎడమ పక్కలూ తీసి చూశాను, మేడమ్ చూశారు, మళ్ళీ నేను చూశాను. దేనితోనూ కలవలేదు. తొమ్మిది.

ఎడమ ఫోటో పంపుతున్నాను. ఒక బొమ్మ కుట్టు. కుడి పక్క ఇంకా చూడలేదు. ఊహించి వేయకు. ఖాళీగా ఉంచు.

ఉడుత

*

కుట్టు కొట్టు
నవంబరు

ఉడుతా,

అరలోని మూడు అబద్ధపు బొమ్మల్లో ఒకటి తీశాను. నేను ఊహించి వేసిన మచ్చలన్నీ ఒక్కొక్కటే విప్పాను. మీ అమ్మ సెలవు పెట్టి మరీ పక్కన కూర్చుని దారాలు ఏరింది. ఎడమ పక్క నీ ఫోటో చూసి కుట్టాను. కుడి పక్క ఉత్త గుడ్డ. విప్పిన చోట సూది గుర్తులు ఉండిపోయాయి, ఇస్త్రీ చేసినా పోలేదు. ఇంకో గుడ్డ వేద్దామా అంటే మీ అమ్మే వద్దంది. కనబడనీ అంది.

పార్సెల్‌లో బొమ్మతోపాటు నల్ల దారం ఉండ ఉంది. కుడి పక్క కనిపించిన రోజు నువ్వే కుట్టు, నాకు పంపక్కర్లేదు. చిన్నప్పుడు చొక్కా కాజాలు కుట్టడం నేర్పితే ఏడ్చి గోల చేశావు గానీ, నీ చెయ్యి మంచిదే. నీకు కంగారెక్కువ కాబట్టి సూదిలో దారం ఎక్కించే పెట్టాను.

నీ
పిన్ని